వెన్నుపాము, చేతి నాడులు: ‘అల్ ఖానూన్’లోని ఒక ప్రకరణంపై విమర్శ

ముస్లిం వైద్యుల కృషిని గురించి తెలుగులో వెలువడే రచనలలో రెండు ధోరణులు కనిపిస్తాయి. ఆధునిక వైద్యశాస్త్రం కనుగొన్న ప్రతి విషయమూ ఇబ్నె సీనా గ్రంథంలో ముందే ఉన్నదని చాటడం ఒక ధోరణి. అరబ్బులు గ్రీకుల పుస్తకాలను భద్రపరచి ఐరోపా వారికి అప్పగించిన గుమాస్తాలు మాత్రమేనని తేల్చివేయడం మరొక ధోరణి. ఈ రెండు మాటలూ అనేవారిలో గ్రంథాన్ని తెరచి ఒక ప్రకరణమైనా చివరిదాకా చదివినవారు తక్కువ. ప్రశంసించాలన్నా, ఖండించాలన్నా ముందు చదవవలసి ఉంటుంది. అందుకు ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’ మొదటి సంపుటంలో నాడులను వివరించే భాగం తగినది. అది చిన్నది, విషయం స్పష్టమైనది. పైగా ఈనాటి శరీరశాస్త్రంతో మాటకు మాట పోల్చి చూడటానికి వీలైనది. వెన్నుపామును గురించీ, దాని నుండి బయలుదేరి చేతికి పోయే నాడులను గురించీ ఇబ్నె సీనా (980–1037) ఏమి చెప్పారు, అందులో ఎంత నిలిచింది, ఎంత నిలవలేదు అన్నదే ఇక్కడి పరిశీలన.

వెన్నుపామును అరబీలో ‘నుఖా’ అంటారు. వెన్నెముక ప్రయోజనాలను చెప్పేచోట ఇబ్నె సీనా ఒక ప్రశ్నతో మొదలుపెట్టినట్లుగా రాస్తారు. శరీరంలోని నాడులన్నీ నేరుగా మెదడు నుండే మొలిచి ఉంటే ఏమయ్యేది? తల ఇప్పుడున్నదానికంటే ఎంతో పెద్దదిగా ఉండవలసి వచ్చేది. కాళ్లకు, చేతులకు పోయే నాడులు అంత దూరం ప్రయాణించి దారిలో తెగిపోయే ప్రమాదంలో పడేవి. అందుచేత సృష్టికర్త మెదడులోని ఒక భాగాన్ని, ఊటనుండి కాలువ తీసినట్లు, క్రిందికి సాగదీశాడని, దాని రెండు ప్రక్కల నుండి నాడులు ఆయా అవయవాలకు పంపకమవుతాయని ఆయన వివరణ.

పోలిక అందమైనది. తుక్కుగూడ ప్రక్కనున్న మంఖాల్ రైతుకు కూడా దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. చెరువు, తూము, పెద్ద కాలువ, దాని నుండి మడికొక పిల్లకాలువ. తూము దగ్గర అడ్డు పడితే ఆయకట్టు అంతా ఎండుతుంది, పిల్లకాలువ దగ్గర అడ్డు పడితే ఒక్క మడే ఎండుతుంది. వెన్నుపాము దెబ్బతిన్నచోటును బట్టి శరీరంలో ఎంత భాగం చచ్చుబడుతుందో ఈ పోలికతోనే చెప్పవచ్చు. గాలెన్ క్రీ.శ. 2వ శతాబ్దంలో జంతువుల వెన్నుపామును ఒక్కొక్క పూస దగ్గర కోసి చూసి ఈ సంగతిని నిర్ధారించాడు. ఆ ప్రయోగ ఫలితాలకు ఇబ్నె సీనా వారసుడు.

అయితే పోలిక ఒక మేరకే పనికివస్తుంది. కాలువ అనేది నీటిని మోసుకుపోయేదే గాని నీటిని పుట్టించేది కాదు. పిల్లకాలువలు చీలినకొద్దీ సన్నబడుతూ పోవాలి. వెన్నుపాము అలా లేదు. పురుషులలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవుండి, మొదటి రెండు నడుము పూసల ప్రాంతంలో ముగిసే ఈ త్రాడు రెండు చోట్ల ఉబ్బి ఉంటుంది. చేతి నాడులు మొలిచే మెడ క్రిందిభాగంలో ఒక ఉబ్బు, కాళ్ల నాడులు మొలిచేచోట మరొకటి. అక్కడ నాడీకణాల సంఖ్య ఎక్కువ. వేడి గిన్నె తగిలిన చేయి మెదడు సెలవు కోసం ఆగకుండా వెనక్కు రావడం వెన్నుపాము తానుగా చేసే పని. దీనికి వట్టి కాలువ అనే పేరు చాలదు. ‘మెదడుకు ఖలీఫా’ వంటిదన్న మరొక భావం ఖానూన్‌లో ఉంది. శాస్త్రరీత్యా ఇదే సత్యానికి దగ్గరగా ఉన్నది. ఖలీఫాకు కొంత స్వతంత్రాధికారం ఉంటుంది గదా.

సంఖ్య విషయంలో ఖానూన్ ఆశ్చర్యం కలిగిస్తుంది. వెన్నుపాము నుండి మొలిచే నాడులు 31 జతలు, జతలేని ఒంటి నాడి ఒకటి అని ఆయన లెక్క. ఇబ్నె సీనాకు ముందే అర్రాజీ కూడా ఇదే లెక్కను ఇచ్చారు. నేటి పాఠ్యపుస్తకాలలోనూ 31 జతలే. ఇక్కడే మొదటి ధోరణివారు చప్పట్లు కొట్టి ఆగిపోతారు. లోపలికి పోయి చూస్తే మొత్తం ఒకటే గాని పద్దులు వేరు. మెడలో 8, ఛాతీలో 12, నడుములో 5 అన్నంతవరకు రెండు లెక్కలూ ఒకటే. ఆ క్రింద ఖానూన్ త్రికాస్థికి 3, తోక ఎముకకు 3 అని, చివర ఒంటి నాడి అని చెబుతుంది. నేటి లెక్క త్రికాస్థికి 5, తోక ఎముకకు 1. పద్దులు కలవకుండా మొత్తం కలిస్తే దానిని సరియైన లెక్క అనడానికి ఏ ఖజానా గుమాస్తా కూడా ఒప్పుకోడు. ఆయినా ఏడు మెడపూసలకు ఎనిమిది జతల నాడులు అన్న సూక్ష్మమైన సంగతి తప్పిపోకుండా నిలబడటం మెచ్చుకోదగినదే. ఆ ఎనిమిదవ జత ఏడవ మెడపూసకు, మొదటి ఛాతీపూసకు మధ్యనుండి బయటపడుతుంది. చేతి కథలో దానికి ముఖ్యమైన పాత్ర ఉంది.

ఇక చేతి నాడులు. ఖానూన్ చెప్పేదాని సారాంశం ఇది: మెడలోని ఆరవ, ఏడవ, ఎనిమిదవ నాడుల శాఖలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అయినా ఆరవ నాడి నుండి చేయి వైపు పోయే భాగం భుజఫలకాన్ని దాటదు. ఏడవ నాడి భాగం దండచేతిని దాటదు. ముంజేతికి చేరేది ఎనిమిదవ నాడి. అది ఛాతీపూసల మొదటి నాడితో కలిసి వస్తుంది.

ఈ కొద్ది మాటలలో ఒప్పు, తప్పు రెండూ ముడిపడి ఉన్నాయి. నాడులు విడివిడిగా సూటిగా పోకుండా మెడ క్రింద, చంక పైన కలిసి మళ్లీ విడిపోతాయన్నది ఒప్పు. దానినే నేడు భుజ నాడీజాలం అంటున్నారు. మెడలోని 5, 6, 7, 8 నాడులు, ఛాతీలోని 1వ నాడి కలిసి మూడు కాండాలవుతాయి. ఒక్కొక్క కాండం ముందుకు, వెనుకకు రెండుగా చీలుతుంది. ఆ ఆరు చీలికలు మళ్లీ మూడు త్రాళ్లుగా పేనుకుంటాయి. వాటినుండి చేతికి ఐదు ప్రధాన నాడులు బయలుదేరుతాయి. జడ అల్లినట్లుండే ఈ ఏర్పాటు కంటె ఎముక వెనుకగా సాగి చంకలోకి దిగుతుంది. ఎనిమిదవ నాడి మొదటి ఛాతీ నాడితో కలిసి చేతి చివరిదాకా పోతుందన్న మాట కూడా ఒప్పే. చిటికెన వేలి స్పర్శ, అరచేతిలోని చిన్న కండరాల కదలిక ఆ రెంటిమీదనే ఆధారపడి ఉన్నాయి.

తప్పు ఎక్కడంటే హద్దులు గీయడంలో. ఆరవ నాడి భుజం దగ్గర ఆగదు. అది బొటనవేలి చర్మం దాకా పోతుంది. మోచేయి మడవడంలోనూ, మణికట్టు పైకి లేపడంలోనూ దానికి భాగముంది. ఏడవ నాడి దండచేతి దగ్గర ఆగదు. నడిమి వేలి స్పర్శ దానిదే, మోచేయి చాపే బలం ప్రధానంగా దానిదే. ఖానూన్ గీసిన పటంలో చేయి ఒక మెట్లబావి వంటిది: పై నాడి పై మెట్టుకు, క్రింది నాడి క్రింది మెట్టుకు. నిజమైన పటంలో చేయి నిలువుగా పట్టీలు పట్టీలుగా చీలి ఉంది. బొటనవేలి వైపు పట్టీ పై నాడులది, చిటికెన వేలి వైపు పట్టీ క్రింది నాడులది.

ఇది పండితుల తగవు కాదు, రోగి చేయి మీదకు వచ్చే తగవు. బొటనవేలు తిమ్మిరెక్కిందని వచ్చిన రోగిని ఖానూన్ పటం ప్రకారం చూసే వైద్యుడు, ముంజేయి దాటిన భాగమంతా ఎనిమిదవ నాడిది కనుక, మెడ అడుగున ఏడవ పూస క్రింద తప్పు వెతుకుతాడు. తప్పు ఉన్నది రెండు పూసల పైన, ఆరవ నాడి బయటికి వచ్చేచోట. చిటికెన వేలు మొద్దుబారిన రోగి వస్తే మాత్రం అదే వైద్యుడు సరియైన చోటనే చేయి వేస్తాడు. ఒకే వాక్యం ఒక రోగి విషయంలో దీపం, మరొక రోగి విషయంలో చీకటి.

ఆ దీపం ఎంత వెలుగునిచ్చిందో తెలుసుకోవడానికి గాలెన్ ‘రోగగ్రస్త స్థానాల’ గ్రంథంలో చెప్పిన పౌసానియస్ ఉదంతాన్ని మించినది లేదు. సిరియా నుండి రోమ్ నగరానికి వచ్చిన ఈ ఉపన్యాసకునికి చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలిలో సగం స్పర్శ కోల్పోయాయి. వైద్యులు వేళ్లకే మందులు రాశారు, గుణం కనిపించలేదు. గాలెన్ వేళ్లను వదిలి, అంతకు ముందు ఎక్కడైనా దెబ్బ తగిలిందా అని అడిగాడు. బండి మీదనుండి పడి వీపు పైభాగం రాతికి కొట్టుకున్న సంగతి అప్పుడు బయటపడింది. ఏడవ మెడపూస తరువాత వచ్చే నాడి మూలంలో వాపు ఉన్నదని నిశ్చయించి, వేళ్లకు వేసిన మందునే వెన్ను మీద వేయించాడు. రోగి కోలుకున్నాడు.

ఈ ఉదంతంలో ‘నడిమి వేలిలో సగం’ అన్న మాట మీద దృష్టి నిలపాలి. మోచేతి లోపలి గాడిలోనుండి పోయే అల్నార్ నాడి దెబ్బతింటే చిటికెన వేలు, ఉంగరపు వేలిలో సగం మాత్రమే మొద్దుబారాలి. హద్దు నడిమి వేలి దాకా పాకిందంటే దెబ్బ మోచేతి దగ్గర కాదు, అంతకంటే పైన, నాడి మూలంలో ఉన్నదనడానికి అది ఒక సూచన. గాలెన్ నిర్ణయం ఈనాటి పరీక్షకు కూడా నిలుస్తుంది. మందు సంగతి వేరు. వాపు కాలక్రమాన తానై తగ్గే అవకాశం ఉంది గనుక, వెన్ను మీది లేపనమే నయం చేసిందని చెప్పడానికి ఆధారం లేదు. రోగనిర్ణయం గొప్పది, చికిత్స సందేహాస్పదం. ఈ రెంటినీ విడదీయకుండా పొగడే అలవాటు యూనానీ రచయితలలో మొదటినుండీ ఉంది.

వ్యాధి వేళ్లలో, కారణం వెన్నులో అన్న సూత్రం మాత్రం ఇబ్నె సీనా పక్షవాత ప్రకరణంలో స్థిరపడింది. చచ్చుబడిన అవయవాన్ని కాదు, దానికి నాడి మొలిచే చోటును చూడాలని అక్కడి సలహా. దీని విలువ ఈనాటికీ తగ్గలేదు. పహాడీ షరీఫ్ గుట్ట దాటి తుక్కుగూడ, మంఖాల్ వైపు పోయే శ్రీశైలం రోడ్డు వంటి దారులలో మోటారు సైకిలు మీదనుండి ఎగిరి భుజం మీద పడిన యువకుని సంగతి ఆలోచించండి. తల ఒక వైపుకు, భుజం మరొక వైపుకు లాగబడి నాడీజాలం సాగిపోతుంది; కొన్నిసార్లు నాడీమూలాలు వెన్నుపాము నుండే ఊడివస్తాయి. పైభాగపు నాడులు పోతే చేయి ప్రక్కకు వ్రేలాడుతుంది, భుజం లేవదు, మోచేయి మడవదు. పిడికిలి మాత్రం బిగుస్తుంది. ఎముక విరగలేదు, గాయం కనిపించదు. కనుక ఇంటివారు ‘నరం పట్టేసింది’ అనుకొని నెలల తరబడి నూనె రాస్తారు, మర్దన చేయిస్తారు. పౌసానియస్ వేళ్లకు మందు రాసిన వైద్యుల పొరపాటే ఇది.

ఇక్కడ కాలానికి లెక్క ఉంది. తెగిన నాడి తిరిగి పెరిగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. నాడి అందని కండరం ఏడాది, ఏడాదిన్నర గడిస్తే తిరిగి కోలుకొనే శక్తిని పోగొట్టుకుంటుంది. అందుకే నాడీ శస్త్రచికిత్స అవసరమైనవారికి మొదటి మూడు నుండి ఆరు నెలలలోపే జరగాలని శస్త్రవైద్యులు పట్టుబడతారు. వెన్నుపాము నుండి ఊడిన మూలం తానుగా అతుక్కోదు. దాని బదులు వేరొక నాడిని మళ్లించి కండరానికి కలపవలసి ఉంటుంది. కాలువ పోలికను ఇష్టపడేవారు ఇక్కడ మళ్లీ వాడుకోవచ్చు: తూము తెగినప్పుడు ప్రక్క చెరువు నీరు మళ్లించడం వంటిది.

ఇబ్నె సీనా హద్దులు ఎందుకు తప్పాయన్నది న్యాయంగా ఆలోచించవలసిన ప్రశ్న. నాడీజాలంలో పోగులు కలిసిపోయాక, ఏ పోగు ఏ మూలానిదో కత్తితో విడదీసి కనిపెట్టడం దాదాపు అసాధ్యం. 1890లలో షెరింగ్టన్ కోతులపై చేసిన ప్రయోగాలు, 1900లో హెడ్, క్యాంప్‌బెల్ సర్పి వ్యాధి పొక్కుల వరుసలను బట్టి గీసిన పటం వచ్చిన తరువాతనే చర్మం మీది పట్టీలు స్పష్టపడ్డాయి. వేయి సంవత్సరాల క్రిందటి మనిషిని దీనికి తప్పుపట్టలేము. కాని ఒక నింద తప్పదు. తెలియని చోట ‘దాటదు’ అని అంత ఖండితంగా రాయవలసిన పని లేదు. ఖానూన్ శైలి శాసనశైలి. పేరులోనే శాసనం ఉంది. విద్యార్థికి కంఠస్థం చేయడానికి ఆ శైలి అనుకూలం, సందేహించడానికి ప్రతికూలం. అర్రాజీ ‘అల్ హావీ’ ఇందుకు వ్యతిరేకం. అందులో క్రమం లేదు, పునరుక్తులు ఎక్కువ. ఎవరి మాట ఏదో పేరు చెప్పి, తన అభిప్రాయాన్ని విడిగా చేరుస్తారు. చదవడానికి విసుగు పుట్టించే ఆ గ్రంథంలో సత్యానికి దారి ఎక్కువ తెరిచి ఉన్నదనిపిస్తుంది.

రెండవ నింద కారణాలు చెప్పడంలోని తొందర. శ్వాసకు ఆధారమైన విభాజక పటలం ఛాతీకి, పొట్టకు నడుమ ఉన్నా దాని నాడి మెడనుండి దిగివస్తుంది. ఇది గాలెన్‌కు, ఇబ్నె సీనాకు ఇద్దరికీ తెలుసు, పరిశీలన ఒప్పు. ఎందుకు అన్న దానికి ఖానూన్ జవాబు: నాడి పైనుండి నిలువుగా దిగితే పటలం నడిమికి చేరి అన్ని వైపులకూ సమంగా పంచబడుతుంది, అందుకని. వినడానికి బాగుంది. అసలు కారణం గర్భంలో ఉంది. పిండదశలో ఆ పటలం మొలిచేది మెడ దగ్గరనే. తరువాత అది క్రిందికి జరుగుతుంది, తన నాడిని వెంట లాక్కొని పోతుంది. సృష్టిలో వివేకం ఉన్నదని నమ్మడం ఒకటి, ప్రతి అమరికకూ ఆ వివేకం ఇదేనని మనమే నిర్ణయించి చెప్పడం మరొకటి. రెండవది విశ్వాసం పేరిట చేసే ఊహ మాత్రమే.

పదాల విషయంలో మాత్రం అరబీ వైద్యులు మనకంటే ఎంతో ముందున్నారు. నాడికి ‘అసబ్’, రక్తనాళానికి ‘ఇర్ఖ్’, కండరాన్ని ఎముకకు కట్టే దానికి ‘వతర్’, ఎముకను ఎముకకు కట్టే దానికి ‘రిబాత్’ అని వేరువేరు మాటలు ఖానూన్‌లో స్థిరంగా వాడబడ్డాయి. తెలుగులో ఈ నాలుగింటికీ వాడుక మాట ‘నరం’ ఒక్కటే. సూది గుచ్చేదీ నరమే, మెడ పట్టేసేదీ నరమే, మడమ వెనుక తెగేదీ నరమే. పుస్తకాలవారు ‘నాడి’ అని తెచ్చారు. జనానికి నాడి అంటే మణికట్టు దగ్గర వైద్యుడు పట్టి చూసేది, అంటే రక్తనాళపు కొట్టుకోలు. ‘అసబ్’ ధాతువుకు కట్టడం, పేనడం అని అర్థం. వారసత్వ చట్టంలో తండ్రి తరఫు బంధువులను ‘అసబా’ అనడం పాఠకులకు పరిచితమే. అదీ ఈ ధాతువే.

అయితే ధర్మశాస్త్రవేత్తలకు వైద్యుల ఈ ఖచ్చితత్వం అవసరమైనట్లు లేదు. జబహ్ నియమాలలో ‘నుఖా’ ప్రస్తావన వస్తుంది. కత్తి నుఖా దాకా పోనిచ్చినా, తల పూర్తిగా తెగగోసినా అది మక్రూహ్. మాంసం మాత్రం తినదగినదే అని హనఫీ గ్రంథం ‘హిదాయా’ తీర్పు. కారణం, ప్రయోజనం లేకుండా జంతువుకు అదనపు బాధ కలిగించడం. అక్కడ మర్గీనానీ (మరణం 1197) నుఖాకు ఇచ్చిన వివరణ మెడ ఎముకలోని తెల్లని ‘ఇర్ఖ్’ అని. వైద్యుని దృష్టిలో ఇది పొరపాటు మాట. వెన్నుపాము రక్తనాళం కాదు. కాని కసాయికి గుర్తు చెప్పడానికి ఇంతకంటే మంచి మాట లేదు. తెల్లగా, త్రాడులా, ఎముక లోపల కనిపించేది అంటే అతనికి వెంటనే తెలుస్తుంది. ఈ వాక్యాన్ని పట్టుకొని ఫఖీహ్‌లకు శరీరశాస్త్రం తెలియదని ఆక్షేపించడం, దానినే పట్టుకొని వారికి నాడీశాస్త్రం అంతా తెలుసునని చాటడం రెండూ అనవసరం.

కళ్లతో చూసినవారెవరు అన్న ప్రశ్న మిగులుతుంది. గాలెన్ చూసినవి ఎక్కువగా కోతులు, పందులు. ఖానూన్ శరీరభాగానికి వ్యాఖ్య రాసి, రక్తం ఊపిరితిత్తుల గుండా తిరిగే మార్గాన్ని 13వ శతాబ్దంలోనే చెప్పిన ఇబ్నున్నఫీస్, తాను కోసి చూడటానికి షరీఅత్, తన స్వభావంలోని దయ అడ్డు వచ్చాయని రాసుకున్నారు. అబ్దుల్లతీఫ్ బగ్దాదీ దారి వేరు. ఈజిప్టులో 1200–1201 నాటి కరువులో కుప్పలుగా పడి ఉన్న అస్థిపంజరాలను ఆయన స్వయంగా పరిశీలించారు. క్రింది దవడ రెండు ఎముకలని గాలెన్ చెప్పినది తప్పు, అది ఒక్కటే ఎముక అని తేల్చారు. గాలెన్ ఎంత గొప్పవాడైనా కంటిసాక్ష్యం అంతకంటే నమ్మదగినదని ఆయన వాదం. కరువు లేకుండానే ఆ పని చేసి ఉంటే త్రికాస్థి పద్దు ఖానూన్ వ్యాఖ్యలలో ఎంతో ముందుగానే సవరింపబడేది.

14వ శతాబ్దం చివర మన్సూర్ ఇబ్నె ఇల్యాస్ పారసీకంలో రాసిన శరీరశాస్త్ర గ్రంథంలో నాడుల పటం ఉంది. మనిషిని వెనుక వైపునుండి, తల పూర్తిగా వెనక్కు వంచి చూపిన విచిత్రమైన పటం అది. నాడుల జతలను వేరువేరు రంగు సిరాలతో గీశారు. చేతిలోకి పోయే గీతలు ఒక క్రమంలో సాగుతాయి గాని, కలిసి విడిపోయే జాలం అందులో కనిపించదు. మాటలలో ‘కలిసిపోతాయి’ అని చెప్పడం సులువు. గీయబోయినప్పుడు గదా తెలియనిది బయటపడేది.

గ్రీకులకు అరబ్బులు గుమాస్తాలన్నవారికి ఒక్క సంగతి చాలు. గాలెన్ శరీరచ్ఛేదన గ్రంథంలో చివరి భాగం, వెన్నునాడుల ప్రకరణంతో సహా, గ్రీకులో నశించింది. హునైన్ ఇబ్నె ఇస్‌హాక్ బృందం చేసిన అరబీ అనువాదంలోనే అది మిగిలింది. 1906లో మాక్స్ సైమన్ దానిని ముద్రించిన తరువాతనే ఐరోపా వారికి మళ్లీ అందింది. గుమాస్తాలే అయినా, యజమాని పోగొట్టుకున్న దస్తావేజును దాచిన గుమాస్తాలు.

ఆ దస్తావేజులలో కొన్ని మన ఊరిలోనే అచ్చయ్యాయి. 1888లో హైదరాబాదులో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ 1937లో ఇబ్నుల్ ఖుఫ్ శస్త్రచికిత్సా గ్రంథాన్ని, 1940లలో ఇబ్నె హుబల్ ‘ముఖ్తారాత్’ను, 1955 నుండి అర్రాజీ ‘అల్ హావీ’ని 23 భాగాలలో వెలువరించింది. ప్రపంచంలో అరబీ వైద్యచరిత్ర చదివేవారు హైదరాబాదు ప్రతిని పేర్కొనకుండా పుట తిప్పలేరు. చార్మినార్ ప్రక్కనున్న నిజామియా తిబ్బీ కళాశాల వంటి చోట్ల నేటి విద్యార్థి భుజ నాడీజాలాన్ని ఆధునిక పటం చూసే నేర్చుకుంటాడు. ఖానూన్ పేరు చరిత్ర పాఠంలో వింటాడు. రెండు పాఠాలను ఒక బల్ల మీద పెట్టి, ఆరవ నాడి ఎక్కడ ఆగుతుందో ఖానూన్ వాక్యాన్నీ తన బొటనవేలినీ కలిపి చూసుకొమ్మని అతనికి చెప్పే పాఠ్యపుస్తకం ఇంకా రావలసి ఉంది.